వానపెట్టె అలక

సోమవారం

ఇవాళ వాన పడలేదు.

ఈ దినచర్యలో 'వాతావరణం' అని ఒక గడి ఉంటుంది. సోమ, శుక్రవారాల్లో అందులో 'వాన' అని రాస్తాను, మిగతా రోజుల్లో 'లేదు' అని రాస్తాను. ఆ గడి కోసం నేను బుర్ర వాడాల్సి రావడం ఇదే మొదటిసారి. కుజవరంలో వానకి టైముంది. టిఫిన్లయ్యాక, ఊరిని కప్పిన గుమ్మటం పైకప్పులో గొట్టాలు తెరుచుకుంటాయి, బడి ఎగ్గొట్టడానికి సరిపడా పిల్లలు తడుస్తారు, గొట్టాలు మూసుకుంటాయి.

పొద్దున్న బయల్దేరుతుంటే సూరమ్మ అడ్డం పడింది. సూరమ్మ మా వీధి తలుపు. ఈ ఊళ్ళో మాట్లాడే యంత్రాలకి కొదవ లేదు గానీ, ఈవిడ మొదటి ఓడలో వచ్చిన పాతకాలం తలుపు. అప్పట్లో తలుపులకి భయాలు ఎక్కువ పెట్టి పంపేవారట.

"గొడుగేదే?"

"ఇదిగో."

"అది చిరిగింది. ఆ చిల్లు సరిగ్గా నీ నడినెత్తి మీదకొత్తాది. జలుబు చేత్తే ఎవరు చూత్తారు? నేను చూత్తానా? నాకు చేతులున్నాయా?"

"సూరమ్మా, ఆలస్యమవుతోంది."

"సాయంత్రం ఎన్నింటికొత్తావో చెప్పు. చెప్పకపోతే గొళ్ళెం తియ్యను."

నోటికొచ్చిన టైము చెప్పి బయటపడ్డాను. గొడుగు తెరుచుకుని నడుస్తూ ఉంటే ఎంతకీ చినుకు పడదు. వీధి నిండా జనం గొడుగులు వేసుకుని, పొడిపొడిగా, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ముందుగా గొడుగు మూసినవాళ్ళు వెర్రివాళ్ళవుతారని ఎవరూ మూయలేదు.

ఆఫీసు గుమ్మంలో భద్రం గారు నిలబడి ఉన్నారు. ఆయన మా గుమ్మటానికి పెద్ద.

"అమ్మా వకుళా, వానపెట్టె మాట్లాడ్డం లేదమ్మా."

"అది ఎప్పుడూ మాట్లాడదు కదండీ."

"ఇప్పుడు అసలు మాట్లాడ్డం లేదు."

వెళ్ళి చూశాను. వానపెట్టె అంటే పైకప్పు గొట్టాల్ని నడిపే, భూమ్మీద నుంచి తెచ్చిన నల్లటి కంప్యూటర్ పెట్టె, బల్ల కింద పెట్టుకునే రకం. యంత్రాలకి నోరు రాకముందు పుట్టింది. ఎన్నడూ చెడలేదు కాబట్టి ఎవరూ మార్చలేదు. దానికున్న హంగల్లా ముందు ఒక పచ్చదీపం, వెనక గుయ్యిమనే ఫ్యాను. ఇవాళ దీపమూ లేదు, గుయ్యీ లేదు. మీట నొక్కాను. గట్టిగా నొక్కాను. నొక్కి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు.

నా ఉద్యోగం యంత్రాల పరామర్శ. ఒంట్లో బాగాలేని యంత్రం దగ్గరికి అరటిపండు పట్టుకుని వెళ్ళి, పక్కన కూర్చుని, ఎక్కడ నొప్పి అని అడుగుతాను. అది చెబుతుంది. చెప్పినచోట మర బిగిస్తాను. అరటిపండు నేను తింటాను. ఇందులో నాకు మంచి పేరుంది. వానపెట్టె ముందు కూడా పండు పెట్టి, ఎంతో మెత్తగా అడిగాను. అది గోడలా ఊరుకుంది. గోడలా అనడం కూడా తప్పే, మా ఆఫీసు గోడ చాలా మాట్లాడుతుంది.

మధ్యాహ్నం సోమిదేవమ్మ అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. మా నాన్నకి అక్క. ఈ గ్రహం మొత్తానికి గోంగూర ఉన్నది ఆవిడ మడిలోనే. ఉన్న గింజలన్నీ ఈసారి చల్లేసింది. మొక్కలు ఏపుగా పెరిగాయి, కాయలు పట్టాయి, ఇంకా పచ్చిగా ఉన్నాయి. అవి ముదరకుండా మొక్కలు చస్తే కుజవరంలో గోంగూర చెప్పుకోవడానికే మిగులుతుంది.

"శుక్రవారం వాన కూడా పడకపోతే మడి మాడిపోద్దే అమ్మాయ్. నా తరంలో తెచ్చిన ఇత్తనం నా చేతుల్లోనే పోతే నేను బతికుండి ఏం లాభం?"

కుళాయి నీళ్ళు పోయొచ్చుగా అంటే, మా కుళాయిలు తాగడానికి తప్ప ఇవ్వవు. చెంబు పెట్టగానే దాహమేనా అని అడుగుతాయి. అత్తయ్య పొద్దుటి నుంచి దాహమేనని అబద్ధమాడి చెంబులు మోస్తోంది. సాయంత్రానికి ఆవిడ కుళాయి నాకు కబురు పెట్టింది. మీ అత్తయ్యగారికి షుగర్ వచ్చిందేమో, ఒకసారి చూపించండి అని.

మంగళవారం

మా గ్రహం పేరు మీది వారం కాబట్టి ఇక్కడ మంగళవారం సెలవు. యంత్రాలకీ సెలవే. కుక్కరు అన్నం వండుతుంది గానీ విజిల్ వెయ్యదు. నేను మాత్రం ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది, ఎందుకంటే భద్రం గారు రాత్రంతా ఆలోచించి కారణం కనిపెట్టారు.

"ఇది జబ్బు కాదమ్మా. అలక."

"అలకా అండి?"

"మరి? ఇన్నేళ్ళుగా వాన కురిపిత్తంది. మనం దానికేం పెట్టాం? కిందటి పండక్కి లిఫ్టుకి కూడా కొత్త బట్టెట్టాం. దీనికి ఒక్క జేబురుమాలైనా ఇచ్చామా?"

నాకు అది సబబుగానే తోచింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు నిజంగానే తోచింది. యంత్రం మాట్లాడ్డం మానేసిందంటే మా ఊళ్ళో ఇంకో అర్థం లేదు.

సమావేశాల హాల్లో కొత్త అల్లుడికి వేసినట్టు అలకపాన్పు వేశారు. పూలు చల్లారు. నలుగురు పట్టి, అడ్డం వచ్చిన తీగలన్నీ పీకేసి, పెట్టెని ఎత్తి పాన్పు మీద కూర్చోబెట్టారు. జరీ పంచె కప్పారు. పక్కన వెండి గ్లాసు పెట్టారు. మామగారి స్థానంలో భద్రం గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏం కావాలో అడుగు నాయనా. మొహమాటపడకు. బండి కావాలా?"

"దానికి కాళ్ళెక్కడున్నాయయ్యా బండెక్కడానికి?" అంది అత్తయ్య.

"పోనీ ఉంగరం?"

వేలు లేదు కాబట్టి మీట చుట్టూ ఉంగరం తొడిగారు. చక్కగా పట్టింది. జనం వరసలో వచ్చి, ఒక్కొక్కరూ పెట్టె మీద చెయ్యి వేసి, లే నాయనా అని బతిమాలారు. పూతరేకులు పెట్టారు. అవి దాని బదులు భద్రం గారు తిన్నారు. చీకటి పడేదాకా బతిమాలి, ఇంత పట్టుదల అల్లుణ్ణి తామెన్నడూ చూడలేదని మెచ్చుకుంటూ అందరూ ఇళ్ళకి పోయారు. అత్తయ్య మాత్రం ఇంటికి పోలేదు. చెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి పోయింది.

ఇంటికొచ్చి, సెలవు రోజున కూడా నోరు మూయని సూరమ్మకి అంతా చెప్పాను.

"పాన్పు మీద కూర్చోబెట్టేటప్పుడు తీగలు పీకేశారా?"

"పీకేశారు."

"మరి తీగల్లేకుండా అలక తీరినా అది లేచేది ఎలాగే?"

నేను చెప్పులు విడిచేసి గబగబా లోపలికి పోయాను.

బుధవారం

తీగలన్నీ మళ్ళీ తగిలించాను. మీట మీది ఉంగరం తీయనివ్వలేదు భద్రం గారు, పెట్టిన సొమ్ము వెనక్కి తీసుకోకూడదట. ఉంగరంలోంచి వేలు దూర్చి మీట నొక్కాను. ఏమీ లేదు.

యంత్రం నోరు విప్పకపోతే చుట్టుపక్కల వాళ్ళని అడగాలి. గోడ ప్లగ్గుని అడిగాను.

"ఆయ్, నేను కరెంటు ఇత్తానే ఉన్నానండి. ఇవ్వడం వరకే నా పని. మధ్యలో ఆ తీగ ఏం చేత్తందో నాకేం తెలుసండి?"

తీగని అడిగాను. అది సన్నని గొంతుతో లేచింది.

"నేను మోత్తానే ఉన్నానండి! ఈ ప్లగ్గు పిసినారండి. పైకి ఇచ్చినట్టే ఉంటాది, ఇవ్వదు."

"ఎవరే పిసినారి? నువ్వు మెలికలు తిరిగిపోయి కూకుంటే నేనిచ్చింది ఎలా ఎల్తాది?"

యంత్రం అబద్ధమాడదు అన్నది మా చదువులో మొదటి పాఠం. ఇక్కడ రెండు యంత్రాలు ఒకదాన్నొకటి దొంగ అంటున్నాయి. పాఠంలో దీనికి రెండో వాక్యం లేదు. మధ్యాహ్నానికి పాత గొడవలన్నీ తవ్వుకుని ఇద్దరూ ఏడ్చారు. నాకు ఆకలేసింది.

ఆఫీసు కుక్కరుని బయటికి తీశాను. దాని తీగ ఎప్పుడో ఇంటికి పట్టుకెళ్ళి అక్కడే మర్చిపోయాను. వానపెట్టె తీగ చూస్తే అదే మూతి, అదే సైజు. పెట్టె వెనకనుంచి లాగి కుక్కరుకి గుచ్చి, బియ్యం పోసి, మీట వేశాను.

"బియ్యం కడిగావా?" అంది కుక్కరు.

"కడిగాను. నోరు మూసుకుని వండు."

అన్నం ఉడుకుతుంటే నేను పచ్చడి సీసా మూతతో కుస్తీ పడుతున్నాను. అప్పుడు తట్టింది. కుక్కరు పనిచేస్తోందంటే ప్లగ్గు కరెంటు ఇస్తోంది. తీగ మోస్తోంది. ఇద్దరూ నిజమే చెప్పారు, ఒకరి మీద ఒకరు చెప్పిందే అబద్ధం. అయితే తప్పు పెట్టె లోపలే ఉంది.

ఎవర్నీ అడక్కుండా నాకు ఒక సంగతి తెలిసింది! జీవితంలో మొదటిసారి. భయమేసింది, సంతోషమేసింది, అన్నం మాడింది.

గురువారం

పెట్టె విప్పాలన్నాను. భద్రం గారు గుండె పట్టుకున్నారు. యంత్రం ఒప్పుకోకుండా మూత తీయకూడదని మా ఊళ్ళో చట్టం. కిందటేడు ఒకాయన అనుమతి లేకుండా మిక్సీ మూత తీసి, దానికి అందరి ముందూ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

"అది ఒప్పుకుంటున్నానని ఎలా చెప్తాదమ్మా?"

"వద్దని చెప్పమనవయ్యా భద్రం. చెప్తే మానేద్దాం," అంది అత్తయ్య. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మడిలో కింది ఆకులు పసుపెక్కాయట.

అందరం పెట్టె చుట్టూ నిలబడి, అది వద్దంటుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాం. అనలేదు. భద్రం గారు సభాముఖంగా, అభ్యంతరం రానందున విప్పవచ్చును అని ప్రకటించారు.

ప్లగ్గు తీసేసి మరలు విప్పాను. లోపల దూదిలా దుమ్ము. దుమ్ము ఊదితే భద్రం గారు తుమ్మారు. ఒక మూలగా ఇటుకంత ఇనప డబ్బా కనిపించింది. గోడ తీగ తిన్నగా దానిలోకే పోతోంది. గుయ్యిమనే ఫ్యాను దానిదే. దాని ఇంకో పక్కనుంచి జడంత లావున రంగురంగుల తీగలు బయల్దేరి పెట్టె అంతా పాకాయి. ముక్కు పెట్టి చూస్తే మాడిన వాసన. కానీ నాకు నిన్నటి అన్నం వాసన ఇంకా ముక్కులోనే ఉంది. దాన్ని నమ్మి తీర్పు చెప్పలేను. తప్పు డబ్బాదేనా, అది కరెంటు పంచే లోపలి పలకదా?

చేతులు కడుక్కోవడానికి ఇంటికి వెళ్ళాను.

"ఆ చేతులేంటే? బొగ్గు పిసికావా?" అంది సూరమ్మ.

చెప్పాను. సూరమ్మ తొలిసారి నా మాట పూర్తిగా విని, ఆ తర్వాత మాట్లాడింది.

"తీగల గుత్తిలో పచ్చది ఒక్కటేనా? నల్లవి మటుకు చాలా ఉన్నాయా?"

"నీకెలా తెలుసు?"

"నా పొట్టలోనూ అదే డబ్బా ఉందే. ఒకే ఓడలో వచ్చాం కదా. ఆ కరెంటు డబ్బాని ఎస్.ఎం.పి.ఎస్. అనేవాడు నన్ను బిగించినతను. ఆ గుత్తిని అన్నిట్లోంచీ ఊడదీసి, పచ్చ తీగ కన్నానికీ నల్ల తీగ కన్నానికీ కలిపి ఇంత ఇనప ముక్క గుచ్చి, అప్పుడు ప్లగ్గు పెట్టేవాడు. డబ్బా బాగుంటే దాని ఫ్యాను దానంతటదే తిరుగుద్ది. తిరక్కపోతే డబ్బా పోయినట్టే. ప్లగ్గు పెట్టాక మాత్రం దాన్ని ముట్టుకోకు. డబ్బా మూత అసలే తియ్యకు, ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాక్కునుంటాది."

పరుగెత్తాను. అత్తయ్య ముడిలోంచి పిన్ను తీసిచ్చింది. గుత్తి ఊడదీశాను. పచ్చదానికి ఒక కాలు, నల్లదానికి ఒక కాలు గుచ్చాను. చెయ్యి తీసేసి ప్లగ్గు పెట్టించాను. అందరం వంగి ఫ్యాను వంక చూశాం. ఒక్క రెక్కైనా కదిలితే చాలని మొక్కుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

కదల్లేదు.

"అలక కాదండీ," అన్నాను భద్రం గారితో. "కరెంటు డబ్బా పోయింది. మిగతాదంతా దాని కోసం ఎదురు చూస్తోంది."

"కొత్తది?"

"వచ్చే ఓడలో తెప్పించాలి."

వచ్చే ఓడ ఇంకా భూమ్మీద రంగులు వేయించుకుంటోంది. అత్తయ్య నా మొహంలోకి చూసింది.

"ఈ ఊళ్ళో ఇంకోటి లేదటే?"

ఉంది. నాకు తెలుసు. వంగి, నేల మీది మరలు ఏరడం మొదలుపెట్టాను.

శుక్రవారం

పొద్దున్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో!

"ఇంక నసక్కు. నిన్ననే అర్థమైంది నాకు," అంది సూరమ్మ. "డబ్బా గురించి నోరు జారింది నేను. నువ్వు అడగలేక చత్తన్నావు."

"ఆరిపోతే నీకు ఏమవుతుంది?"

"తెలీదు. లేచినప్పుడు నేను నేనుగా లేత్తానో, కొత్త తలుపులా లేత్తానో. ఎప్పుడూ ఆరలేదుగా."

అప్పటికే అత్తయ్య వచ్చి మెట్టు మీద నిలబడింది. అంతా విన్నట్టుంది.

"వద్దులేవే," అంది. తలుపు మీద చెయ్యి వేసింది. "గోంగూరదేముంది. పోతే పోయింది. ఈవిడ నాతోపాటు వచ్చిన మనిషి."

"ఊరుకోండి అక్కగారూ," అంది సూరమ్మ. "మీరు గోంగూర పచ్చడి చేసిన రోజే ఈ పిల్ల చెప్పిన టైముకి ఇంటికొత్తాది. అది పోతే ఇంక దీన్ని ఎవరు రప్పిత్తారు?"

ఆ తర్వాత సూరమ్మ షరతులు చెప్పడం మొదలుపెట్టింది. చెప్పులు జతగా విడవాలి. గొళ్ళెం వేసిందీ లేనిదీ వెనక్కొచ్చి చూసుకోవాలి. పక్కింటి తలుపు ఏం చెప్పినా నమ్మకూడదు, అది మొదటి నుంచీ అంతే. చిరిగిన గొడుగు కుట్టించాలి. టిఫిన్ల వేళ దగ్గరపడింది, ఆవిడ ఇంకా గొడుగు కాడ దగ్గరే ఉంది. చివరికి అత్తయ్యే, చాలమ్మా, మిగతాది లేచాక చెబుదువు గాని, అంది.

"సరే. తియ్యి," అంది సూరమ్మ. నేను ఆవిడ ప్లగ్గు తీశాను. మధ్యలో ఏదో అంటోంది. పూర్తి కాలేదు.

డబ్బా విప్పి ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకి మోసుకెళ్ళాను. ముందు పిన్నుతో పరీక్ష చేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పాతది తీసి, ఇది బిగించి, గుత్తులన్నీ ఎక్కడివక్కడ గుచ్చి, ఉంగరంలోంచి వేలు దూర్చి మీట నొక్కాను.

గుయ్యిమంది. పచ్చదీపం వెలిగింది.

కాసేపటికి పైన గొట్టాలు దగ్గాయి. వాన పడింది. ఊరంతా వీధిలోకొచ్చింది. ఎవరూ గొడుగులు తేలేదు. అత్తయ్య మడిలో కూర్చుని తడుస్తూ, ఒక్కొక్క మొక్కనీ పేరు పెట్టి పిలుస్తోంది. భద్రం గారు మైకు పట్టుకుని, వెండి గ్లాసు మహిమ వల్ల అలక తీరిందని ప్రకటించారు. ఊరి రికార్డులో కూడా అలాగే రాయించారు. నేను అడ్డు చెప్పలేదు.

తడిసి ఇంటికొచ్చాను. గొళ్ళెం నేనే తీసుకున్నాను. తలుపు నేనే తోసుకున్నాను. ఇంతసేపెక్కడున్నావని ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి నేను కోరుకున్నది ఈ నిశ్శబ్దమే. నా వల్ల కాలేదు. గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి చెప్పులు జతగా పెట్టాను.

శనివారం

నిద్ర లేస్తూనే ఒక సంగతి తోచింది. సోమవారం దాకా వానపెట్టెకి పనేముంది? పచ్చదీపం వెలిగించుకుని ఊరికే కూర్చుంటుంది. అది మాట్లాడదు, నడవదు, ఎవరి కోసమూ ఎదురు చూడదు.

టిఫిన్ చెయ్యకుండా ఆఫీసుకి పరుగెత్తి డబ్బా విప్పి తెచ్చాను. సూరమ్మ పొట్టలో బిగించి ప్లగ్గు పెట్టాను. గుయ్యిమంది. మాట లేదు. ఎదురు చూశాను.

"ఎవరది?" అంది.

అయిపోయింది అనుకున్నాను. కొత్త తలుపే. నేనెవరో తెలియదు. నా పేరు చెబుదామని నోరు తెరిచాను.

"వకుళవటే? ఆ మొహమేంటి అలా పీక్కుపోయింది? పోల్చుకోలేకపోయాను. నిన్న గొడుగు తీసుకెళ్ళావా?"

"లేదు. తడిశాను."

"అనుకున్నాను! ఒక్క రోజు నేను లేకపోతే ఇంత పనీ చేత్తావు."

నవ్వుతూ ఏడుస్తూ మా ఏర్పాటు చెప్పాను. సోమ, శుక్రవారాలు డబ్బా వానపెట్టెకి. మిగతా రోజులన్నీ తనకి. కొత్త ఓడ వచ్చేదాకా అంతే. సూరమ్మ బాగానే ఉందంది. తర్వాత గొళ్ళెం ఒకసారి వేసి తీసింది.

"అంటే వాన పడే రోజు నేనుండను," అంది.

ఆ సంగతి నాకు తట్టలేదు. ఈ గుమ్మంలో నిలబడి, వాన పేరు చెప్పి ఇన్నేళ్ళు నన్ను చంపుకుతిన్న మనిషి. ఇంక చాన్నాళ్ళు ఆవిడ వాన చూడదు.

"వకుళా, నిన్న ఎలా పడిందే?"

"చెప్తాను విను."

"ఆగు. ముందు గొడుగు తెరువు. గొడుగు లేకుండా వాన గురించి చెప్తే నాకు కంగారు."

చిరిగిన గొడుగు తెరుచుకుని మెట్టు మీద కూర్చున్నాను. దారినపోయేవాళ్ళు చూస్తున్నారు. మొదటి చినుకు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను. అది సరిగ్గా నా నడినెత్తి మీద పడిందన్నప్పుడు సూరమ్మ అబ్బా అంది.

వాతావరణం: ఊరికి లేదు. మా గుమ్మం దగ్గర మాత్రం వాన.